వెనక హీటర్‌లో కూలెంట్ లీకా? నీళ్లు పోస్తూ పోకండి, లీక్ ఎక్కడో ముందు పట్టుకోండి

చికాగోలో ఉండే మా బంధువుల కుర్రాడు ఒక చలికాలం రాత్రి గుంటూరులో మెకానిక్ షెడ్ నడిపే తన మామూకి ఫోన్ చేశాడు. "మామూ, వ్యాన్‌లో కూలెంట్ తగ్గిపోతోంది. ఇంజిన్ కింద ఒక్క చుక్క కూడా కనపడటం లేదు. రెండు వారాలకోసారి బాటిల్ నీళ్లు పోసి నడిపిస్తున్నా" అన్నాడు. మామూ రేడియేటర్ చూడమన్నాడు, వాటర్ పంప్ చూడమన్నాడు, హోస్‌లన్నీ చేత్తో తడిమి చూడమన్నాడు. అన్నీ పొడిగానే ఉన్నాయి. మాటల్లో మాటగా కుర్రాడు, "వెనక సీట్లో పిల్లలకి వేడి గాలి కూడా రావడం లేదు" అన్నాడు. "వెనక కూడా హీటర్ ఉందారా? అయితే దానికి ఇంజిన్ నుంచి పైపు వెళ్లాలిగా. అది ఎటు పోతోందో చూడు ముందు" అన్నాడు మామూ.

మర్నాడు బండి కిందకి టార్చ్ వేసి చూస్తే సంగతి తెలిసింది. వెనక చక్రం దగ్గర ఇనుప పైపు తుప్పు పట్టి, చెమట పట్టినట్టు తడిగా ఉంది.

అమెరికా, కెనడాల్లో ఉంటున్న మన కుటుంబాల్లో చాలామంది ఏడెనిమిది సీట్ల వ్యాన్లు, పెద్ద ఎస్‌యూవీలు వాడతారు. టయోటా సియెన్నా, డాడ్జ్ గ్రాండ్ కారవాన్, క్రైస్లర్ టౌన్ అండ్ కంట్రీ, షెవర్లే సబర్బన్ లాంటి బండ్లలో వెనక వరుసల కోసం విడిగా హీటర్ ఉన్నవి ఎక్కువ. మన దేశంలో వెనక ఏసీ అంటే సాధారణంగా చల్లగాలి వరకే. హైదరాబాద్, విజయవాడల్లో వెనక హీటర్ అవసరం ఎవరికి పడుతుంది? అందుకే ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లకి ఆ పైపులు ఉన్నాయనే సంగతే తెలియదు. లీక్ మొదలైనా అటువైపు చూడరు. కూలెంట్ తగ్గినప్పుడల్లా ఏదో ఒకటి పోసి, ఒకరోజు హైవే మీద ఇంజిన్ పోగొట్టుకుంటారు.

పైపు పని చిన్నది. ఇంజిన్ పని పెద్దది. చిన్న పని పెద్దది కాకముందే లీక్‌ను ఎలా పట్టుకోవాలో, ఎలా బాగు చేసుకోవాలో వరసగా చూద్దాం.

వెనక హీటర్ ఎలా పనిచేస్తుంది

ఇంజిన్ వేడిని మోసుకెళ్లే ద్రవమే కూలెంట్. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక అది సుమారు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర తిరుగుతూ ఉంటుంది. అందులో కొంత భాగం డాష్‌బోర్డ్ కింద ఉండే చిన్న రేడియేటర్ లాంటి దానిలోకి వెళ్తుంది. దాన్ని హీటర్ కోర్ అంటారు. ఫ్యాన్ దాని మీదుగా గాలి కొడితే మనకి వెచ్చటి గాలి వస్తుంది.

వెనక హీటర్ ఉన్న బండిలో ఇలాంటి కోర్ ఇంకొకటి ఉంటుంది. చాలా వ్యాన్లలో అది వెనక పక్క గోడకి ఉండే ప్లాస్టిక్ ప్యానెల్ లోపల, దాని సొంత ఫ్యాన్‌తో సహా కూర్చుని ఉంటుంది. ముందు హీటర్‌కి వెళ్లే హోస్‌లకి టీ జాయింట్లు వేసి, అక్కడి నుంచి రెండు పైపులు నేల కింద నుంచి వెనక దాకా తీసుకెళ్తారు. ఒకటి వేడి కూలెంట్‌ను తీసుకెళ్లేది, ఇంకొకటి తిరిగి తెచ్చేది. మధ్యలో లోహపు పైపు, రెండు చివర్లా రబ్బర్ హోస్, వాటికి క్లాంపులు. మామూలు అమరిక ఇది.

లీక్ అయ్యే చోట్లు కూడా దీన్నిబట్టే తెలుస్తాయి. మొదటిది, ఇంజిన్ దగ్గరి టీ జాయింట్. అది ప్లాస్టిక్‌దైతే ఏళ్ల తరబడి వేడికి పెళుసెక్కి చిట్లుతుంది. రెండోది, నేల కింది లోహపు పైపు. ముఖ్యంగా దాన్ని బండికి పట్టి ఉంచే క్లిప్పుల దగ్గర, వెనక చక్రం పక్కన. చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు, బురద అక్కడే పేరుకుంటాయి. మూడోది, రబ్బర్ హోస్, క్లాంపు కలిసే చోటు. నాలుగోది, వెనక హీటర్ కోర్. ఇది లీక్ అయితే తడి బండి లోపల కనిపిస్తుంది.

అనుమానం ఎప్పుడు రావాలి

కింది గుర్తుల్లో రెండు కలిసి కనిపిస్తే వెనక వైపు చూడాల్సిందే.

• రిజర్వాయర్‌లో కూలెంట్ తగ్గుతోంది, ఇంజిన్ కింద మాత్రం పొడిగా ఉంది.
• బండి మధ్యలోగానీ వెనక చక్రం దగ్గరగానీ రంగు మరక పడుతోంది.
• వెనక వరుసలో వేడి గాలి తగ్గింది, లేదా అసలు రావడం లేదు.
• ముందు హీటర్ కూడా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చల్లబడి, బండి కదిలాక మళ్లీ వేడెక్కుతోంది. కూలెంట్ తగ్గి లోపలికి గాలి చేరితే ఇలా జరుగుతుంది.
• వెనక అద్దాలకి జిడ్డుగా ఆవిరి పడుతోంది, లోపల తియ్యటి వాసన వస్తోంది.
• మూడో వరుస దగ్గర కార్పెట్ తడిగా, జారుడుగా ఉంది.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. వేసవిలో ఏసీ వేసినప్పుడు వెనక ఏసీ యూనిట్ నుంచి కూడా నేల మీదకి నీళ్లు కారతాయి. అది లీక్ కింద లెక్క కాదు. తేడా తెలియాలంటే ఒక తెల్ల పేపర్ టవల్‌తో ఆ తడిని అద్దండి. రంగు, వాసన, జిడ్డు ఏవీ లేకపోతే ఏసీ నీళ్లే. గులాబీ, నారింజ, ఆకుపచ్చ, ఊదా లాంటి రంగు అంటి, వేళ్ల మధ్య జారుడుగా ఉంటే కూలెంట్. నాలుక మీద పెట్టి మాత్రం చూడకండి. కూలెంట్ తియ్యగానే ఉంటుంది, కానీ విషం.

నీళ్లు పోస్తూ పోతే ఏమవుతుంది

రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే బాటిల్ తీసి పోయడం మన ఊళ్లో అలవాటు. గుంటూరు ఎండల్లో అది కొన్నాళ్లు నడుస్తుంది. చికాగోలోనో, టొరంటోలోనో, ఎడ్మంటన్‌లోనో నడవదు.

కూలెంట్ సగం, నీళ్లు సగం కలిపిన ద్రవం మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ప్రతిసారీ ఒట్టి నీళ్లు పోస్తూ పోతే ఆ బలం పలచబడిపోతుంది. మంచి నీళ్లు సున్నా దగ్గరే గడ్డకడతాయి. గడ్డకట్టినప్పుడు వాటి పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి పైపు, రేడియేటర్, ఒక్కోసారి ఇంజిన్ బ్లాక్ కూడా పగలొచ్చు. పైగా ఒట్టి నీళ్లలో తుప్పును ఆపే మందులు ఉండవు కాబట్టి లోపల తుప్పు ఇంకా పెరుగుతుంది.

రెండో ప్రమాదం వేడెక్కడం. కూలెంట్ బాగా తగ్గాక టెంపరేచర్ సెన్సర్ ద్రవంలో కాకుండా గాలిలో ఉండిపోవచ్చు. అప్పుడు మీటర్ ముల్లు మామూలుగానే చూపిస్తుంది, లోపల ఇంజిన్ మాత్రం కాలిపోతూ ఉంటుంది. అల్యూమినియం హెడ్ వంగిపోతుంది, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. అక్కడి నుంచి ఖర్చు బండి ధరతో పోటీ పడుతుంది.

నడుస్తుండగా ముల్లు ఎర్ర గీత వైపు వెళ్తే ఏసీ ఆపండి. హీటర్‌ను ఫుల్ వేడి మీద, ఫ్యాన్ ఫుల్ మీద పెట్టండి. మొదట దొరికిన సురక్షితమైన చోట బండి ఆపి ఇంజిన్ ఆపేయండి. "ఇల్లు ఇంకో పది నిమిషాలే కదా" అని నడపకండి. ఆ పది నిమిషాల్లోనే హెడ్ పోతుంది. టో ట్రక్ ఖర్చు దాని ముందు చాలా తక్కువ.

లీక్ పట్టుకోవడం: ఒకదాని తర్వాత ఒకటి

ముందుగా ఒక హెచ్చరిక. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూతగానీ, ఒత్తిడి ఉండే ట్యాంక్ మూతగానీ తీయకండి. లోపల ద్రవం 100 డిగ్రీలు దాటి ఉన్నా ఒత్తిడి వల్ల మరగకుండా ఆగి ఉంటుంది. మూత తీయగానే ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదకి చిమ్ముతుంది. రాత్రంతా ఆగిన బండి మీదే పని మొదలుపెట్టండి.

ఒకటి, లెక్క పెట్టండి. చల్లటి ఇంజిన్‌లో కూలెంట్‌ను గీత దాకా నింపి తేదీ, మైళ్లు రాసుకోండి. వారం తర్వాత మళ్లీ చూడండి. "తగ్గుతోంది" అనడం కంటే "200 మైళ్లకి ఇంత తగ్గింది" అని చెబితే మెకానిక్‌కి సగం పని తేలికవుతుంది.

రెండు, అట్ట పరవండి. బండి నడిపి వచ్చి ఆపిన వెంటనే ముందు, మధ్య, వెనక మూడు చోట్ల అట్టముక్కలు పెట్టండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే పైపుల్లో ఒత్తిడి ఉంటుంది. చల్లారాక చిన్న లీకులు ఆగిపోతాయి. పొద్దున్న పెడితే పొడిగా కనిపించే అట్ట రాత్రి పెడితే తడుస్తుంది.

మూడు, ప్రెషర్ టెస్ట్ చేయండి. అసలు పరీక్ష ఇదే. చేతి పంపుతో, మీటర్‌తో వచ్చే చిన్న సాధనం ఇది. అమెరికాలో ఆటోజోన్, ఓరైలీ లాంటి విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్ కట్టి తెచ్చుకుని, వాడి తిరిగి ఇవ్వొచ్చు. చల్లటి ఇంజిన్‌లో మూత తీసి, ఆ స్థానంలో దీన్ని బిగించి, మూత మీద రాసి ఉన్న అంకె దాకా ఒత్తిడి ఎక్కించండి. 1.1 అని ఉంటే అది సుమారు 16 పీఎస్‌ఐ. అంతకుమించి ఎక్కించొద్దు. 15 నిమిషాలు ఆగండి. ముల్లు కదలకపోతే లీక్ లేనట్టు, లేదా వేడిలో మాత్రమే తెరుచుకునే చిన్న పగులు అయినా అయ్యుండాలి. ముల్లు దిగుతుంటే ఎక్కడో కారుతున్నట్టే.

నాలుగు, పైపు వెంట వెళ్లండి. ఒత్తిడి ఉండగానే టార్చ్ తీసుకుని టీ జాయింట్ దగ్గర మొదలుపెట్టి, నేల కింద క్లిప్పు క్లిప్పుకీ చూస్తూ వెనక దాకా రండి. తడి కనిపించిన మొదటి చోటే లీక్ అనుకోకండి. ద్రవం పైపు మీద జారుతుంది, బండి నడుస్తుంటే గాలికి వెనక్కి కొట్టుకుపోతుంది. తడిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న చోటు చూడండి. ఎండిపోయిన కూలెంట్ తెల్లటి లేదా రంగు పొడిలా పేరుకుని ఉంటుంది. అది పాత లీక్‌కి మంచి గుర్తు. బండి కిందకి వెళ్లాలంటే జాక్ ఒక్కటే చాలదు. గట్టి నేల మీద జాక్ స్టాండ్లుగానీ ర్యాంపులుగానీ తప్పనిసరి.

ఐదు, వెనక భాగాన్ని విడదీసి చూడండి. లీక్ ఎక్కడో కంటికి దొరకనప్పుడు చాలా పనికొచ్చే ఉపాయం ఇది. టీ జాయింట్ తర్వాత వెనక్కి వెళ్లే రెండు రబ్బర్ హోస్‌లను హోస్ నొక్కే ప్లయర్స్‌తో మూసేసి, మళ్లీ ప్రెషర్ టెస్ట్ చేయండి. ఇప్పుడు ఒత్తిడి నిలిస్తే దొంగ వెనక భాగంలోనే ఉన్నాడు. ఇప్పుడూ దిగుతుంటే లీక్ ముందు వైపు ఉంది. మామూలు పట్టకారుతో నొక్కితే పాత హోస్ చీలిపోతుంది, అందుకని దీనికోసం చేసిన ప్లయర్సే వాడండి. హోస్ ఎండి గట్టిపడిపోయి ఉంటే నొక్కనే వద్దు.

ఆరు, లోపల చూడండి. వెనక భాగంలోనే అని తేలి, కింద పైపులు పొడిగా ఉంటే ప్యానెల్ కింద అంచు, కార్పెట్ కింది పరుపు తడిమి చూడండి. తడి ఉంటే కోర్‌గానీ, దానికి పెట్టిన హోస్‌గానీ లీక్.

ఇంత చేసినా దొరకకపోతే కూలెంట్‌లో కలిపే యూవీ డై వేసి, రెండు రోజులు నడిపి, యూవీ టార్చ్‌తో చూస్తే లీక్ అయిన చోటు మెరుస్తుంది. బయట ఎక్కడా లేకుండా కూలెంట్ తగ్గుతుంటే, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లటి పొగ వస్తుంటే, ఇంజిన్ ఆయిల్ పాలు కలిసినట్టు కనిపిస్తుంటే అది హెడ్ గ్యాస్కెట్ అనుమానం. దానికి వేరే పరీక్ష ఉంది, నేరుగా మెకానిక్ దగ్గరికే వెళ్లండి.

నాలుగు పైపులు ఉంటే జాగ్రత్త

వెనక ఏసీ కూడా ఉన్న బండిలో నేల కింద పక్కపక్కనే నాలుగు పైపులు కనిపించొచ్చు. రెండు హీటర్‌వి, రెండు ఏసీవి. ఏసీ పైపుల్లో ఎక్కువ ఒత్తిడితో గ్యాస్ ఉంటుంది. పొరపాటున కోస్తే చెయ్యి, కన్ను దెబ్బతింటాయి, గ్యాస్ అంతా గాల్లో కలుస్తుంది. హీటర్ పైపులు రెండూ మామూలుగా ఒకే లావు ఉంటాయి, చివర రబ్బర్ హోస్, క్లాంపు ఉంటాయి. ఏసీ పైపుల్లో ఒకటి సన్నగా, ఒకటి లావుగా ఉంటుంది. ఏసీ ఆపేసి, వెనక హీటర్ వేసి, ఇంజిన్ వేడెక్కాక రెండు పైపులు వేడిగా తగిలితే అవే హీటర్‌వి. ఏది ఏదో ఖాయంగా తెలిసేదాకా రంపం చేతపట్టకండి.

బాగు చేయడం: లీక్ అయిన చోటును బట్టి

క్లాంపు లేదా రబ్బర్ హోస్: అన్నిటికన్నా తేలిక. హోస్ మెత్తబడినా, ఉబ్బినా, వేలితో నొక్కితే పగుళ్లు కనిపించినా మార్చేయండి. ఒక చివర పాడైందంటే రెండో చివర వయసూ అంతే, రెండూ మార్చండి. హీటర్ హోస్ అనే పేరుతో అమ్మేదే కొనండి. ఇంధనం హోస్, తోట నీళ్ల గొట్టం, పారదర్శక ప్లాస్టిక్ ట్యూబ్ ఈ వేడికి, ఒత్తిడికి నిలవవు.

టీ జాయింట్: ప్లాస్టిక్‌ది చిట్లితే జిగురుతో అతికించకండి. కొత్తది వేయండి. కొన్ని బండ్లకి ఇత్తడి, అల్యూమినియం టీలు కూడా దొరుకుతాయి. ఒకటి విరిగిందంటే పక్కదీ మార్చేయడం మంచిది.

తుప్పు పట్టిన పైపు: ఇక్కడ మూడు దారులున్నాయి. మొదటిది, కంపెనీ పైపు సెట్ మొత్తం మార్చడం. ఖరీదు ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువే. రెండోది, తుప్పు పట్టిన ముక్క వరకు కోసేసి, మంచి లోహం కనిపించిన చోట నుంచి హీటర్ హోస్‌తో కలపడం. ఈ పైపులు చాలావరకు 5/8 లేదా 3/4 అంగుళాల హోస్‌కి సరిపోతాయి. కొలిచి చూసుకునే కొనండి. కోసిన పైపు చివర నున్నగా ఉంటుంది కాబట్టి ఒత్తిడికి హోస్ జారిపోవచ్చు. చివర చుట్టూ చిన్న ఉబ్బు తీసే సాధనం వాడాలి, లేదా సరైన కప్లింగ్ వేయాలి. ఒట్టి క్లాంపు బిగించి వదిలేస్తే ఒకరోజు హైవే మీద ఊడిపోతుంది. మూడోది, పైపు అంతా తీసేసి ముందు నుంచి వెనక దాకా హీటర్ హోస్ వేయడం. ఇది చేస్తే హోస్ వేలాడకుండా దగ్గర దగ్గరగా కట్టాలి. సైలెన్సర్ పైపుకి దూరంగా, పదునైన అంచులకి తగలకుండా తీసుకెళ్లాలి.

ఒక చోట తుప్పు పట్టిన పైపు మిగతా చోట్ల బాగుంటుందన్న నమ్మకం లేదు. చిన్న స్క్రూడ్రైవర్‌తో అక్కడక్కడ మెల్లగా గీకి చూడండి. పొరలు పొరలుగా ఊడుతుంటే అతుకుల పని వద్దు, మొత్తం మార్చండి.

వెనక హీటర్ కోర్: పార్ట్ కంటే పని ఎక్కువ. సీటు, పక్క ప్యానెల్ తీయాలి. బ్యాటరీ కనెక్షన్ తీసి, ఆ బండి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాకే ప్యానెల్ ముట్టుకోండి, ఎందుకంటే ఆ గోడల్లో పక్క ఎయిర్‌బ్యాగ్‌ల వైరింగ్ ఉండొచ్చు. సీట్ బెల్ట్ బోల్టులు తీయాల్సి వస్తే తిరిగి మాన్యువల్ చెప్పిన బిగువుతోనే బిగించాలి. ఆ బెల్ట్ మీదే మీ పిల్లల ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఈ పని అనుభవం లేనివాళ్లు షాపుకి వదిలేయడమే మేలు.

లీక్ ఆపే పొడులు, ద్రవాలు: డబ్బా మీద ఎంత బాగా రాసి ఉన్నా తుప్పు తిన్న పైపును అవి బాగు చేయలేవు. పైగా హీటర్ కోర్, రేడియేటర్‌ల సన్నటి దారుల్లో పేరుకుని మూసేస్తాయి. ఒక లీక్ కోసం పోసి రెండు హీటర్లూ పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

డబ్బు సర్దుబాటు అయ్యేదాకా: వెనక హీటర్‌ను మూసేయడం

ఇప్పటికిప్పుడు రిపేర్ చేయించే స్థోమత లేకపోయినా, లీక్ అవుతున్న పైపుతో బండి నడపాల్సిన పని లేదు. వెనక భాగాన్ని ఇంజిన్ దగ్గరే మూసేస్తే బండి క్షేమంగా నడుస్తుంది. కాకపోతే వెనక వేడి గాలి ఉండదు.

ఎలా మూయాలన్నది ముఖ్యం. టీ జాయింట్లతో వెనక్కి వెళ్లే బండ్లలో, ఆ రెండు టీలు తీసేసి సూటి జాయింట్లు వేయడం, లేదా టీల వెనక నోళ్లకి హీటర్ హోస్‌కి వాడే గట్టి మూతలు క్లాంపులతో బిగించడం సరైన పద్ధతి. కొంతమంది ఆ రెండు నోళ్లని చిన్న హోస్ ముక్కతో ఒకదానికొకటి కలిపేస్తారు. అలా చేస్తే కూలెంట్ ఆ దగ్గరి దారిలోనే తిరిగి వెళ్లిపోయి, ముందు హీటర్ కూడా చల్లబడొచ్చు. కొన్ని బండ్లలో ముందు, వెనక హీటర్లు ఒకే వరుసలో ఉంటాయి. వాటిలో మూసేస్తే ముందు హీటర్‌కీ దారి పోతుంది. అందుకే మీ బండి హోస్‌ల బొమ్మ చూసుకోకుండా ఏదీ మూయకండి.

వెనక హీటర్ లేకుండా చలికాలం గడపాల్సి వస్తే పిల్లలను వీలైనంత వరకు రెండో వరుసలో కూర్చోబెట్టండి. చంటిపిల్లలకి లావు జాకెట్ తొడిగి దాని మీద కార్ సీట్ బెల్ట్ బిగించకండి. జాకెట్ నలిగి బెల్ట్ వదులవుతుంది, ప్రమాదంలో పట్టి ఉంచదు. పలచటి బట్టల మీద బెల్ట్ బిగించి, పైన దుప్పటి కప్పండి.

నింపడం, గాలి తీయడం

రిపేర్ అయ్యాక సగం మంది ఇక్కడే పొరపడతారు. వెనక హీటర్ దారి పొడవైనది, అందులో గాలి చిక్కుకుంటే వేడి రాదు, ఇంజిన్ వేడెక్కుతుంది. "రిపేర్ చేయించినా పనిచేయట్లేదు" అనే ఫిర్యాదు చాలాసార్లు ఈ గాలి వల్లే.

కూలెంట్ రంగు చూసి కొనకండి. టయోటా వాడేది గులాబీ రంగు, జీఎం డెక్స్‌కూల్ నారింజ రంగు, క్రైస్లర్ 2013 నుంచి వాడుతున్నది ఊదా రంగు. కానీ రంగుకి అన్ని కంపెనీలూ పాటించే నియమం లేదు. ఒకే రంగులో వేర్వేరు రకాలు దొరుకుతాయి. మాన్యువల్‌లో రాసిన రకమే తీసుకోండి. కలిపేది చిక్కటి కూలెంట్ అయితే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపండి. ముందే కలిపిన డబ్బా అయితే ఇంక నీళ్లు కలపకండి. వెనక హీటర్ ఉన్న బండికి కూలెంట్ ఎక్కువ పడుతుంది, మాన్యువల్‌లో రెండు కొలతలు ఉంటే పెద్దదే మీది.

నింపేటప్పుడు బండి ముందు భాగం కాస్త ఎత్తులో ఉంటే మంచిది. ముందు, వెనక హీటర్లు రెండూ ఫుల్ వేడి మీద పెట్టి, వెనక ఫ్యాన్ కూడా వేయండి. మూత స్థానంలో పెద్ద గరాటు పెట్టి, ఇంజిన్‌ను నింపాదిగా వేడెక్కనివ్వండి. బుడగలు వస్తుంటాయి, కూలెంట్ దిగుతుంటే పోస్తూ ఉండండి. రేడియేటర్ ఫ్యాన్ ఒకటి రెండుసార్లు తిరిగి, వెనక నుంచి వేడి గాలి వచ్చి, బుడగలు ఆగితే పని అయినట్టే. పూర్తిగా చల్లారాక మళ్లీ గీత దాకా నింపండి. తర్వాత మూడు రోజులు రోజూ పొద్దున్న ఒకసారి చూడండి. వ్యాక్యూమ్‌తో నింపే సాధనం ఉన్న షాపు అయితే గాలి సమస్య ఇంకా తక్కువ.

షాపులో అడగాల్సిన మాటలు

భాష కొత్త, ఊరు కొత్త అని మొహమాటపడి ఏది చెబితే అది ఒప్పుకోకండి. మర్యాదగానే ఈ నాలుగూ అడగండి. ప్రెషర్ టెస్ట్ చేశారా, ఎంత ఒత్తిడి మీద, ఎంతసేపట్లో దిగింది? లీక్ అయిన చోటు చూపిస్తారా, ఫోటో ఇస్తారా? పైపు మొత్తం మారుస్తున్నారా, ముక్క మారుస్తున్నారా? పని అయ్యాక మళ్లీ ప్రెషర్ టెస్ట్ చేసి చూపిస్తారా? పని మొదలుపెట్టే ముందే ఖర్చు కాగితం మీద రాయించుకోండి. లీక్ చోటు చూపించకుండానే "రేడియేటర్, వాటర్ పంప్ అన్నీ మార్చాలి" అంటే ఇంకో షాపులో చూపించుకోండి.

పాత వ్యాన్ కొనబోతున్నవాళ్లు కూడా ఇది గుర్తుంచుకోండి. చలికాలంలో ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన బండి అయితే కొనే ముందే కిందకి టార్చ్ వేసి ఈ పైపులు చూడండి. వేసవిలో కొంటున్నా సరే, వెనక హీటర్ వేసి వేడి వస్తోందో లేదో చూడండి. వెనక హీటర్‌ను ముందే మూసేసి అమ్మే బండ్లు కూడా ఉంటాయి.

ఇంట్లో పిల్లలు, పెంపుడు జంతువులు ఉంటే

చాలా కూలెంట్లలో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. కొద్దిగా మింగినా కిడ్నీలు పాడవుతాయి, ప్రాణం పోవచ్చు. తియ్యగా ఉండటంతో కుక్కలు, పిల్లులు నాకుతాయి, పసిపిల్లలు వేలు పెట్టి చీకుతారు. అమెరికాలో 2012 నుంచి చాలా కంపెనీలు ఇందులో చేదు కలుపుతున్నాయి, కానీ దాన్ని నమ్ముకుని వదిలేయడానికి లేదు. కారిన చోట వెంటనే తుడిచి, సబ్బు నీళ్లతో కడగండి. మూడో వరుస కార్పెట్ తడిసి ఉంటే కింది పరుపుతో సహా తీసి కడిగి ఆరబెట్టేదాకా పిల్లలను అక్కడ కూర్చోబెట్టకండి. తీసిన పాత కూలెంట్‌ను డ్రెయిన్‌లో, పెరట్లో పోయకండి. మూత ఉన్న డబ్బాలో పోసి, ఊరి వ్యర్థాల సేకరణ కేంద్రంలోగానీ, తీసుకునే షాపులోగానీ ఇవ్వండి.

ఎవరైనా మింగారన్న అనుమానం వస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. మొదట్లో మత్తుగా ఉన్నట్టు మాత్రమే కనిపిస్తుంది, దెబ్బ తర్వాత బయటపడుతుంది. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222, రాత్రీ పగలూ పలుకుతుంది. మనిషి స్పృహలో లేకపోతే, మూర్ఛ వస్తే, ఊపిరి అందకపోతే నేరుగా 911.

ఒక్క మాటలో

కూలెంట్ ఆవిరై పోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడికో పోతోంది. ఎక్కడికి పోతోందో తెలిసేదాకా వెతకండి, ముందు వైపు దొరకకపోతే వెనక్కి వెళ్లండి. చికాగో కుర్రాడు ఇంజిన్ పోకముందే పైపు మార్చుకున్నాడు. పోసిన నీళ్లన్నీ తీయించి సరైన కూలెంట్ నింపించాడు. ఆ రాత్రి మామూకి మళ్లీ ఫోన్ చేసి, "పిల్లలు వెనక సీట్లో జాకెట్లు తీసేశారు మామూ" అన్నాడు. ఈ చలికాలం మొదలయ్యే ముందు మీరూ ఒక్కసారి వెనక హీటర్ వేసి, బండి కింద టార్చ్ వేసి చూసుకోండి.